అన్న మాట అన్నట్టు చెప్పాలంటే

పిల్లలు ఇంగ్లీషు గ్రామరు పుస్తకం తెచ్చి 'ఇన్‌డైరెక్ట్ స్పీచ్' చెప్పమంటే మనలో చాలామందిమి పొయ్యి మీద ఏదో మాడుతోందని వంటింట్లోకి జారుకుంటాం. నేనూ అంతే. పదో తరగతిలో ఆ పాఠం బట్టీపట్టినా, నిజంగా అర్థమైంది మాత్రం మా పక్కవాటా ఆవిడ వల్ల.

తిరుపతిలో కార్తీకమాసపు వానలు మీకు తెలియనివి కావు. పక్కవాటాలో తెలుగు రాని ఉత్తరాది ఆవిడ చంటిబిడ్డతో ఉండేది. మిద్దె కురుస్తోందని ఇంటి ఓనరుతో చెప్పమని నన్ను పంపింది. ఆయన, "వానలకు ముందే చెప్పుంటే బాగుచేయించేవాణ్ణి కదమ్మా! ఇక వానలు తగ్గితేగానీ పని కాదు" అన్నాడు. నేను వచ్చి మొదటి ముక్క మాత్రం ఇంగ్లీషులో చెప్పాను: "హీ సెడ్ దట్ ఇఫ్ యూ టోల్డ్ హిమ్, హీ వుడ్ రిపేర్ ఇట్."

ఆవిడ ముఖం విప్పారింది. నేనన్నదానికి అర్థం "చెబితే చేయిస్తానన్నాడు" అని! నేను ఎలాగూ చెప్పి వచ్చాను కదా అని, పాపం, వారం రోజులు బక్కెట్లు పెట్టుకుని మేస్త్రి కోసం కాచుకుంది. బిడ్డకు జలుబు చేసింది. "మీ ఓనరు మాట తప్పాడు" అన్నప్పుడు గానీ నా తప్పు నాకు తెలియలేదు.

మన తెలుగులో 'అని' చేరిస్తే చాలు, అన్న మాట అన్నట్టే ఉంటుంది. ఇంగ్లీషులో 'సెడ్' రాగానే లోపలి క్రియలు ఒక మెట్టు వెనక్కి దిగుతాయి. అయితే 'ఇఫ్' ఉన్న వాక్యాలన్నీ దిగవు. అదే చిక్కు.

ఒకటి, జరగడానికి వీలున్న మాట. "బస్సు దొరికితే చిత్తూరు పోతాను" - "ఇఫ్ ఐ గెట్ ది బస్, ఐ విల్ గో టు చిత్తూర్." ఇది దిగుతుంది: "హీ సెడ్ దట్ ఇఫ్ హీ గాట్ ది బస్, హీ వుడ్ గో టు చిత్తూర్." 'సెడ్' బదులు 'సేస్' అంటే క్రియలు మార్చక్కర్లేదు.

రెండు, ఉత్త ఊహ. "నా దగ్గరే డబ్బుంటే ఇల్లు కొననూ?" - "ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ హౌస్." ఇక్కడి 'హాడ్' జరిగిపోయినదాన్ని చెప్పదు, లేనిదాన్ని చెబుతుంది. అందుకే కదలదు: "షీ సెడ్ దట్ ఇఫ్ షీ హాడ్ మనీ, షీ వుడ్ బై ఎ హౌస్." 'ఐ' పోయి 'షీ' వచ్చింది, అంతే.

మూడు, చెయ్యి దాటిపోయిన మాట. మా ఓనరుది ఇదే. ఇది అడుగు మెట్టు మీదే ఉంది, ఇంకా దిగడానికి మెట్టు లేదు. నేను చెప్పవలసింది: "హీ సెడ్ దట్ ఇఫ్ యూ హాడ్ టోల్డ్ హిమ్, హీ వుడ్ హావ్ రిపేర్డ్ ఇట్."

పిల్లలకు చెప్పేటప్పుడు వాక్యాన్ని ముందు తెలుగులో అనిపించండి. 'చెబితే చేయిస్తాను' అని వస్తే క్రియ దిగాలి. 'చెప్పుంటే చేయించేవాణ్ణి' అని వస్తే ఉన్నచోటే ఉంచాలి. పరీక్షలో తప్పితే ఒకటో రెండో మార్కులు పోతాయి. ఇంట్లో తప్పితే ఎదుటివాళ్లు లేని ఆశ పెట్టుకుని కూర్చుంటారు. ఉంటానమ్మా, సెలవు.