ఎవరి వాటా ఎంత?

పాలిటెక్నిక్ విద్యార్థిని అడిగితే, సూపర్‌పొజిషన్ సిద్ధాంతం అంటే పరీక్షలో తప్పకుండా వచ్చే ఒక లెక్క అంటాడు. వలయంలో రెండు మూడు బ్యాటరీలుంటే ఒక్కోసారి ఒక్కదాన్నే పనిచేయనిచ్చి, మిగతావాటి స్థానంలో ఉత్త తీగ పెట్టి, వచ్చిన ప్రవాహాలను చివర్లో గుర్తులు చూసుకుని కూడాలి. మాట నిజమే. కానీ దీన్ని లెక్కల చిట్కాగా మాత్రమే చూసినవాళ్లకు దీని విలువ సగమే తెలుస్తుంది. మిగతా సగం ఏమిటంటే, ఇది వలయానికి పెట్టే పరీక్ష: నీలోకి వచ్చిన వాటిని కలగాపులగం చేస్తావా, దేని పద్దు దానికి విడిగా రాస్తావా?

ఈ సిద్ధాంతం పుట్టింది కరెంటు కార్ఖానాలో కాదు, కప్ప కండరం దగ్గర. 1853లో హెల్మ్‌హోల్ట్జ్ కోనిగ్స్‌బర్గ్‌లో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు. ఆయన మిత్రుడు డ్యుబ్వా రేమొండ్ కండరాల్లో, నరాల్లో పుట్టే విద్యుత్తును కొలుస్తుండేవాడు. చిక్కల్లా ఒక్కటే. విద్యుత్తు కండరం లోపల ఎక్కడెక్కడో పుడుతుంది, కొలిచే తీగలు మాత్రం పైపొరను తాకుతాయి. లోపల ఎన్ని మూలాలున్నా, ఏ బిందువు దగ్గరైనా మొత్తం ఫలితం ఒక్కోటి విడిగా ఉంటే ఇచ్చే ఫలితాల మొత్తమేనని హెల్మ్‌హోల్ట్జ్ చూపాడు. దాన్ని ఆసరా చేసుకునే, లోపలి గందరగోళమంతటినీ ఒక్క మూలం, ఒక్క నిరోధంగా కుదించవచ్చనీ తేల్చాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 1883లో, ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు తెవెనిన్ అదే సంగతిని స్వతంత్రంగా కనుక్కున్నాడు. పాఠ్యపుస్తకాల్లో పేరు ఆయనకే దక్కింది.

వాటా అనే మాటకు ఇక్కడ అర్థమేమిటో ఒక లెక్కలో చూద్దాం. 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, 6 వోల్టులది ఒకటి, చెరో 2 ఓంల నిరోధం గుండా ఒకే కూడలికి చేరాయి. కూడలి కింద 2 ఓంల లోడు. 12 వోల్టులది ఒంటరిగా ఉంటే 4 ఆంపియర్లు పంపుతుంది, లోడుకు అందులో సగం, అంటే 2. ఆరు వోల్టులది ఒంటరిగా 2 పంపితే లోడుకు 1. మొత్తం 3 ఆంపియర్లు. ఇప్పుడు 6 వోల్టుల శాఖలోకి తొంగి చూడండి. తను బయటికి పంపేది 2, అవతలిది లోపలికి తోసేది 2. అక్కడ ప్రవాహం సున్నా! ఆ శాఖను పూర్తిగా పీకేసినా లోడులో 3 ఆంపియర్లే. మరి దాని వాటా 1 ఆంపియర్ ఎలా అయింది? దాని స్థానంలో ఉత్త తీగ ఉంటే అటుగా 2 ఆంపియర్లు జారిపోయి, లోడుకు 2 మాత్రమే మిగిలేవి. అలా జారిపోకుండా అడ్డుకోవడమే దాని పని. వాటా అంటే బ్యాటరీకీ, దాని చోట పెట్టిన తీగకూ మధ్య తేడా. ఈ సంగతి పట్టుబడనివాడికి లెక్క వస్తుందే తప్ప వలయం అర్థం కాదు.

అభ్యంతరాలు లేకపోలేదు. పది మూలాలుంటే పదిసార్లు లెక్కించాలి, నోడల్ పద్ధతిలో ఒక్కసారితో పోతుందంటారు. ఒప్పుకోవాల్సిందే. కానీ ఒకే తీగలో 50 హెర్ట్జ్‌తో పాటు 150 హెర్ట్జ్ కూడా పారుతుంటే? కాయిల్ 50కి అడ్డుపడేదానికి మూడింతలు 150కి అడ్డుపడుతుంది. రెండింటికీ ఒకే అంకె వేయలేం. దేనికదే లెక్కించి కూడాల్సిందే. ఇంకో అభ్యంతరం శక్తి గురించి. పై ఉదాహరణలో లోడు తినేది 18 వాట్లు, విడివిడిగా లెక్కిస్తే 8, 2 కలిపి 10 మాత్రమే. ఇందులో సిద్ధాంతం తప్పేమీ లేదు. శక్తి ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది, వర్గాలు అలా కూడవు. ముందు ప్రవాహాలను కూడి, తర్వాత శక్తి కట్టాలి.

అసలైన అభ్యంతరం మూడోది: ఈ కూడిక చెల్లాలంటే ఫలితం కారణానికి అనుపాతంలో ఉండాలి, నిక్కచ్చిగా ఆ అనుపాతం పాటించే పరికరం లోకంలో లేదు కదా? లేదు. ఆ లోటు ఎంత ఖరీదైనదో టెలిఫోన్ వాళ్లకు తెలిసొచ్చింది. ఒకే తీగ మీద వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో పలు సంభాషణలు పంపాలంటే అవి ఒకదాన్నొకటి తాకకూడదు. దారిలో వచ్చే వాక్యూమ్ ట్యూబు యాంప్లిఫయర్లు మాత్రం వాటిని కలిపేసి, ఎవరూ పలకని కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టించేవి. యాంప్లిఫయర్లు పెరిగినకొద్దీ ఆ రొద పోగుపడేది. 1927 ఆగస్టు 2 ఉదయం బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ పడవలో హడ్సన్ నది దాటుతూ, చేతిలోని న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే పరిష్కారం గీశాడు: అవుట్‌పుట్‌లో కొంత తిరగేసి ఇన్‌పుట్‌కే చేర్చడం. గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే మోతాదు, బాగా తగ్గుతుంది, దాంతోపాటే వక్రీకరణా తగ్గుతుంది. ట్యూబు ప్రకృతిసిద్ధంగా పాటించని నియమాన్ని దాని చేత పాటింపజేయడమన్నమాట. కష్టపడి సంపాదించిన గెయిన్‌ను చేతులారా పారబోయడమేమిటని చాలామందికి నమ్మకం కుదరలేదు. 1928లో దాఖలైన ఆ పేటెంటు 1937 డిసెంబరులో గానీ మంజూరు కాలేదు.