ఐదు చుక్కలు, పది గీతలు

ముగ్గు వేసినట్టు ఐదు చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగతా నాలుగింటితో కలపండి. పది గీతలవుతాయి. ఇలాంటి చుక్కల, గీతల బొమ్మను గణితంలో గ్రాఫ్ అంటారు. 2009లో బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన పి. విజయ్ కుమార్, కె.వి. రష్మి, నిహార్ షా, బర్క్‌లీలోని కన్నన్ రామచంద్రన్‌తో కలిసి సరిగ్గా ఈ బొమ్మతోనే, డిస్కులు పాడైనా సమాచారం పోకుండా కాపాడే కోడ్ కట్టారు. చుక్క అంటే డిస్కు, గీత అంటే ఒక సమాచారపు ముక్క. దాచాల్సిన ముక్కలు తొమ్మిది. పదోది ఆ తొమ్మిదింటి నుంచీ తీసిన లెక్క: ఒక్కో స్థానంలో ఒకట్ల సంఖ్య సరి అయితే సున్నా, బేసి అయితే ఒకటి. ప్రతి డిస్కూ తన దగ్గర కలిసే నాలుగు గీతల ముక్కలను దాచుకుంటుంది కాబట్టి ప్రతి ముక్కా రెండు చోట్ల ఉంటుంది. ఏ రెండు డిస్కులు పోయినా, పూర్తిగా చేజారేది ఆ రెంటినీ కలిపే ఒక్క గీతే. మిగతా తొమ్మిదీ చేతిలో ఉన్నాయి గనుక దాన్ని లెక్కతో రాబట్టవచ్చు. ఒక్క డిస్కే పోతే లెక్క కూడా అక్కర్లేదు. మిగిలిన నాలుగూ తలా ఒక ముక్క పంపిస్తే కొత్త డిస్కు నిండిపోతుంది.

రెండు డిస్కులు పోయినా తట్టుకోవాలంటే మామూలుగా చేసే పని ప్రతి ముక్కకూ మూడు నకళ్లు పెట్టుకోవడం. తొమ్మిది ముక్కలకు 27 చోట్లు కావాలి. ఇక్కడ 20 సరిపోయాయి. సీడీల నుంచి క్యూఆర్ కోడ్ దాకా వాడుతున్న రీడ్-సాలమన్ పద్ధతికి 15 చాలు కదా అని అడగవచ్చు. నిజమే, చోటు విషయంలో అదే పొదుపు. కానీ ఆ పద్ధతిలో మామూలుగా ఒక్క డిస్కును బాగుచెయ్యాలన్నా మూడు డిస్కుల్లోని తొమ్మిది ముక్కలూ తెప్పించుకుని లెక్కగట్టాలి. ఇక్కడ నాలుగు ముక్కలు కదిలితే సరి. వేలాది డిస్కులున్న డేటా సెంటర్లలో ఈ తేడా చిన్నది కాదు. అయినా ఈ బొమ్మలో నాకు పొదుపు కన్నా విలువైనదిగా కనబడేది భరోసా. ‘ఏ రెండు పోయినా’ అనే మాటను పరీక్షలు పెట్టి తేల్చుకోనక్కర్లేదు. రెండు చుక్కల మధ్య ఒకే గీత ఉంటుందన్న సంగతే దానికి రుజువు. మంచి కోడ్ కోసం అదృష్టం మీద ఆధారపడి వెతకడం కన్నా, హామీ బొమ్మలోనే ఇమిడేలా కట్టుకోవడం మేలని నేననేది అందుకే.

ఇంకాస్త లోతైన ఉదాహరణ చూద్దాం. ఐదుగురిలోంచి ఇద్దరిద్దరిని తీస్తే పది జతలొస్తాయి. ఈసారి ఒక్కో జతా ఒక చుక్క. ఉమ్మడి మనిషి లేని జతలను మాత్రమే గీతతో కలపాలి. ప్రతి చుక్కకూ మూడు గీతలు, మొత్తం 15. ఇది పేరుమోసిన పీటర్సన్ గ్రాఫ్. ఒక్కో గీత మీద సున్నానో ఒకటో రాయండి. ప్రతి చుక్క దగ్గరా ఒకట్లు సరిసంఖ్యలో ఉండాలన్నది షరతు. షరతులు పది ఉన్నా, తొమ్మిది నెరవేరితే పదోది తనంత తానే నెరవేరుతుంది. కాబట్టి 15 బిట్లలో ఆరు మన ఇష్టం, తొమ్మిది కాపలా. ఈ షరతులకు లోబడే ఒకట్లన్నీ గొలుసుల్లా చుట్టుతిరిగి మొదలైన చోటికే చేరాలి. మరి అన్నిటికన్నా చిన్న గొలుసుకు ఎన్ని గీతలు? మూడు గీతల గొలుసు కావాలంటే ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు జతలుండాలి, అంటే ఆరుగురు కావాలి; ఉన్నది ఐదుగురే. నాలుగు గీతల గొలుసుకు, ఎదురెదురు జతలు రెంటికీ రెండేసి ఉమ్మడి పొరుగులుండాలి. ఒకటి-రెండు, ఒకటి-మూడు అనే జతలకు ఉమ్మడి పొరుగు నాలుగు-ఐదు ఒక్కటే. అంచేత కనీసం ఐదు గీతలు. ఏ రెండు సందేశాలైనా కనీసం ఐదు చోట్ల తేడాగా ఉంటాయి గనుక, దారిలో రెండు బిట్లు చెడినా అసలు సందేశం ఏదో తేల్చి చెప్పవచ్చు. కంప్యూటర్ ముట్టకుండానే రుజువు పూర్తయింది.

ఇలా పొరుగుల లెక్క కచ్చితంగా కుదిరే గ్రాఫ్‌లకు 1963లో ఆర్.సి. బోస్ స్ట్రాంగ్లీ రెగ్యులర్ అని పేరుపెట్టారు. 1960లో డి.కె. రాయ్-చౌధురితో కలిసి దోషాలు దిద్దే బీసీహెచ్ కోడ్‌లను వెలువరించిన బోస్ ఈయనే. అంతకుముందు ఆయన పనిచేసిన కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)కే చెందిన మన సి.ఆర్. రావు 1947లో ఆర్థోగోనల్ అర్రేల మీద పరిశోధన వెలువరించారు. ప్రయోగాల రూపకల్పనకు పుట్టిన ఆ పట్టికలకూ, దోషాలు దిద్దే కోడ్‌లకూ దగ్గరి చుట్టరికం ఉందని తర్వాత తేలింది. గ్రాఫ్‌ను అంకెల పట్టికగా రాసి, దాని ఐగెన్ విలువలు లెక్కగడితే బొమ్మ స్వభావం బయటపడుతుంది. పీటర్సన్ గ్రాఫ్‌కు అవి 3, 1, -2. మొదటిదానికీ తర్వాతి దానికీ ఎంత ఎడముంటే గీతలు అంత బాగా నలుదిక్కులా అల్లుకున్నట్టు. 1988లో లుబోట్స్కీ, ఫిలిప్స్, సార్నాక్ ఆ ఎడం వీలైనంత ఎక్కువగా ఉండే గ్రాఫ్‌లు కట్టి, రుజువులో రామానుజన్ ఊహ అక్కరకొచ్చిందని వాటికి ఆయన పేరే పెట్టారు. 1996లో సిప్సర్, స్పీల్‌మన్ అలాంటి ఎడం ఉన్న గ్రాఫ్‌ల నుంచి, ఎంత పొడుగు సందేశానికైనా హామీ సడలని కోడ్‌లు తీశారు.

గట్టి అభ్యంతరం ఒకటుంది. గీతలను యాదృచ్ఛికంగా గీసినా చాలాసార్లు మంచి కోడే వస్తుంది. 1960ల మొదట్లో గాలగర్ తన ఎల్‌డీపీసీ కోడ్‌లతో చూపించింది అదే. పైగా పద్ధతిగా కట్టినవన్నీ గొప్పవేమీ కావు. రోసెంతాల్, వోంటోబెల్ రామానుజన్ గ్రాఫ్‌ల ధోరణిలో కట్టిన కోడ్‌లో 2003లో మెకే, పోస్టోల్ బలహీనతలు పట్టుకున్నారు. ఈ దెబ్బను ఒప్పుకోవాల్సిందే. బొమ్మ హామీ ఇచ్చేది మనం అడిగినదానికే, అడగని లోపాలకు కాదు. కానీ ఆ లోపాలను వేలుపెట్టి చూపగలిగారంటే, కట్టడం అందరికీ తెలిసినది కావడమూ ఒక కారణమే. ఏదో ఒక కోడ్ చేతికిచ్చి దాని కనీస తేడా ఎంతో లెక్కించమంటే, అది సాధారణంగా ఎంత కష్టమో 1997లో వార్డీ రుజువు చేశారు. ఇక మన 5జీ ఫోన్లలోని ఎల్‌డీపీసీ కోడ్‌లు పూర్తి యాదృచ్ఛికాలేమీ కావు: చిన్న పట్టిక తీసుకుని, ఒక్కో గడినీ చక్రంలా తిప్పిన పెద్ద గడిగా విస్తరించి కట్టినవే.

ఐదు చుక్కల బొమ్మకూ హద్దుంది. 50 డిస్కులకు గీతలు 1,225 అవుతాయి. ఒకటి పాడైతే 49 డిస్కులనూ పలకరించాలి. అందుకే తక్కువ గీతలుండి, చిన్న గొలుసులు లేని గ్రాఫ్‌ల వైపు పరిశోధకులు మళ్లారు. బెంగళూరు ఐఎస్‌ఐతో చాలాకాలం అనుబంధమున్న భాస్కర్ బాగ్చీ, ఎన్.ఎస్. నరసింహ శాస్త్రి 1988లో కోడ్‌ల కోసం పరిశీలించిన జనరలైజ్డ్ పాలిగాన్లనే రేఖాగణిత నిర్మాణాలు ఇప్పుడు ఈ పనికీ వస్తున్నాయి. చిన్న నమూనా కావాలంటే పీటర్సన్ గ్రాఫే ఉంది. పది చుక్కలూ పది డిస్కులనుకోండి. ఒక్కోదానిలో మూడే ముక్కలు, పాడైనదాన్ని నింపడానికి మూడు పొరుగు డిస్కులు చాలు. ఏ నాలుగు డిస్కులు తెరిచినా 15లో కనీసం తొమ్మిది ముక్కలు దొరుకుతాయి, ఎందుకంటే నాలుగు చుక్కల మధ్య గొలుసు లేకపోతే మూడుకు మించి గీతలు పట్టవు.