దీపమారిన వేళ

జనగామలో నైనను, మహబూబాబాదులో నైనను, టెలివిజనులో కథ మంచి పట్టున నుండగా కరెంటు పోయెనా, యింటిల్లిపాదియు నిట్టూర్తురు. చూచువారికే యింత దిగులైనచో, చూపువారి గతి యేమి?

1964 ఏప్రిలు 20వ తేదీ రాత్రి 7 గంటల 20 నిమిషములకు లండనులో బి.బి.సి. వారి రెండవ ఛానలు ప్రారంభము కావలసి యుండెను. సంగీతనాటకము, హాస్యము, బాణసంచా అన్నియు సిద్ధము. అంతలో బాటర్సీ విద్యుత్కేంద్రమున నగ్ని పుట్టెను. పడమటి లండను చీకటి యయ్యెను. ఉద్యోగులు కొవ్వొత్తుల వెలుగున తడవులాడిరి. వేడుకకై తెచ్చిన కంగారూ యొకటి లిఫ్టులో చిక్కుకొనెనని వారు పిమ్మట నవ్వుచు జెప్పుకొనిరి. నాటి కంగారంతయు దానిదొక్కదానిదే కాదు గదా!

అలెగ్జాండ్రా పాలెసు నందలి వార్తాశాలలో మాత్రము విద్యుత్తుండెను. అచటినుండి జెరాల్డు ప్రీస్టులాండు వార్తలు చదివి, క్షమాపణ చెప్పెను. మరునాటి యుదయము 11 గంటలకు, జాయ్ విట్బీ యను నామె రూపొందించిన 'ప్లే స్కూల్' ప్రసారమయ్యెను. పెద్దల వేడుక యాగినను పసివారి యాట యాగలేదు. ఆ ఛానలునకు తొలి కార్యక్రమ మన్న గౌరవము దానికే దక్కెను. ఆ రాత్రి డెనిస్ టుయీ యను వ్యాఖ్యాత తెరపై కొవ్వొత్తి నూది యార్పి, యాగిన వేడుకను మొదలిడెను. ముందునాటి భంగమే మరునాటి కలంకార మయ్యెను.

మన భూపాలపల్లి చెంత చెల్పూరులో 500, 600 మెగావాట్ల యంత్రములు గల కాకతీయ తాపవిద్యుత్కేంద్ర మున్నది. మీట నొక్కిన క్షణమున వెలుగు వచ్చుట వెనుక నట్టిచోట బొగ్గు మండించువారి రేయింబవళ్ల శ్రమ గలదు. ఆ వెలుగు తప్పినపుడు గృహిణి విసుగక అగ్గిపెట్టె వెదకి, యాగిన వంట తిరిగి సాగించును. లండను ఉద్యోగులు చేసినదియు నదియే.