తడి వైపు, పొడి వైపు

సికింద్రాబాద్ కార్ఖానాలో మా ఇంటి వెనక తెల్లవారుజామున ముందుగా మేలుకునేది పుంజు. అది రెండోసారి కూసేలోగా పెద్దబాతులు నాలుగూ ఒక్కసారిగా అందుకుంటాయి. నేను దొడ్డి తలుపు తీసేసరికి ఇంకా మసక చీకటే. చేతుల్లో రెండు బకెట్లు ఉంటాయి. ఒకదాంట్లో నూకలు, మక్కల రవ్వ కలిపిన దాణా, ఇంకోదాంట్లో నీళ్ళు. ఆ రెండూ ఎక్కడ దించానన్న దాన్ని బట్టే ఆ రోజు సాగుతుంది.

మాది మామయ్యగారి కాలం నాటి ఇల్లు. కంటోన్మెంట్‌లో ఇటు కాకాగూడ, అటు విక్రంపురి వైపు అపార్ట్‌మెంట్లు లేచినా మా వరసలో కొన్ని ఇళ్ళకు పెరళ్ళు మిగిలాయి. మా పెరట్లో ఓ వేపచెట్టు, మునగ, పల్లంలో అరటి గుబురు. పదకొండు పెట్టలు, ఒక పుంజు, నాలుగు పెద్దబాతులు. ఇంగ్లీషులో గూస్ అనే పక్షిని ఇక్కడ పెద్దబాతు అంటాం. కొందరు హంసబాతు అంటారు. వీధి చివర కూరగాయలమ్మే అవ్వకైతే అవి అచ్చంగా హంసలే. "బిడ్డా, నీ హంసలకు తోటకూర కాడలు తెచ్చిన, తీసుకపో" అని గేటు దగ్గర కేకేస్తుంది.

2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటినప్పుడు అక్కడున్న మా బంధువుల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కోళ్ళు పెంచుకుందామనుకుంటున్నాం, బాతులూ తెచ్చుకుంటే కలిసి ఉంటాయా, కొట్టుకుంటాయా అని. కొట్టుకోవడం అంత పెద్ద సమస్య కాదు. కాస్త చోటుంటే వారం రోజుల్లో ఎవరి హద్దు ఎక్కడో వాటికవే తేల్చుకుంటాయి. అసలు చిక్కంతా నీళ్ళతోనే. ఒకరికి పొడి నేల కావాలి, ఇంకొకరికి తడి కావాలి. ఈ రెండింటినీ ఒకే పెరట్లో విడదీసి ఉంచగలిగితే మిగతా పని సులువే.

ఈ తేడా వాటి పుట్టుకలోనే ఉంది. ఇంటి కోడికి మూలం ఎర్ర అడవి కోడి. వెదురు పొదల కింద, రాలిన ఆకుల మీద బతికే పక్షి. కాళ్ళతో నేల కెలికి పురుగూ పుట్రా ఏరుకోవడం దాని బతుకు. మన దక్షిణాది బూడిద అడవి కోడికీ ఇందులో వాటా ఉంది. కోడి కాళ్ళ పసుపు రంగుకు కారణమైన జన్యువు దాని నుంచే వచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చారు. కోడికి స్నానం కూడా మట్టితోనే. మధ్యాహ్నం వేపచెట్టు కింద గుంట చేసుకుని, రెక్కలు విప్పి, దుమ్ము ఈకల మొదళ్ళ దాకా చేరేట్టు పొర్లి, లేచి ఒక్క విదిలింపు విదిలిస్తుంది. పేలు పోయేది అలాగే. ఆ గుంట తడిసిందంటే పెట్టలు రెండు రోజులు చిరాగ్గా తిరుగుతాయి.

పెద్దబాతు చిత్తడి నేలల పక్షి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ముక్కు మొదట్లో బుడిపె ఉండే రకం. దాని పూర్వీకులు తూర్పు ఆసియా వాళ్ళు. యూరప్ రకాలు వేరే అడవి బాతు నుంచి వచ్చాయి. చలికాలంలో హిమాలయాల మీదుగా మన దక్కన్ చెరువులకు వచ్చే, తల మీద రెండు నల్లపట్టెలున్న బాతు వీటికి దగ్గరి చుట్టం. కావ్యాల్లోని హంస అదేనని కొందరు పండితుల అభిప్రాయం. కాబట్టి అవ్వ మాట నేను దిద్దను.

పెద్దబాతుకు ఈదడానికి చెరువు లేకపోయినా గడుస్తుంది గానీ, తల మొత్తం మునిగేంత లోతు నీళ్ళు మాత్రం ఉండి తీరాలి. కళ్ళూ ముక్కురంధ్రాలూ కడుక్కోకపోతే రోగాలు పట్టుకుంటాయి. ప్రతి ముద్దకూ నీళ్ళు కావాలి. దాణా కరిచి, తొట్టి దగ్గరికి నడిచి, ముక్కు ముంచి, ఆ నీళ్ళతోనే మింగుతుంది. పావుగంటలో తొట్టి నీళ్ళు గంజిలా అవుతాయి, చుట్టూ రెండడుగులు బురద. ఇదే కోళ్ళ నీళ్ళ పక్కన జరిగిందనుకోండి, ఆ మురికి నీళ్ళే కోళ్ళు తాగుతాయి. తడిసిన పొట్టులో తిరిగిన కోడిపిల్లలకు నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. మొదటి ఏడు వానాకాలంలో మాకు ఇదే జరిగింది.

ఇప్పుడు పెరటిని వాలును బట్టి పంచుకున్నాం. మిట్ట వైపు కోళ్ళ గూడు, వేపచెట్టు, దాణా. వాటి నీళ్ళ డబ్బా ఇటుకల మీద, పెట్ట మెడ ఎత్తున. పల్లం వైపు అరటి గుబురు పక్కన బాతుల తొట్టి, సిమెంటుతో కట్టిన చిన్న హౌజు. మధ్యలో గోడేమీ లేదు. కోళ్ళు పల్లానికి పోతాయి, బాతులు మిట్టకు వస్తాయి. కానీ తడి ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది. రోజూ సాయంత్రం తొట్టి నీళ్ళు అరటి పాదులోకి వదిలేస్తాం. నల్లా రోజూ రాని చోట ఇన్ని నీళ్ళు బాతులకు పోయడం దండగ కదా అని మొదట్లో అన్నవాళ్ళున్నారు. ఆ నీళ్ళు ఎలాగూ చెట్లకు పోయాల్సినవే. బాతుల దగ్గరికి వెళ్ళి ఎరువు కలుపుకుని వస్తున్నాయి, అంతే.

ఆ హౌజులో ఇప్పుడు మెట్లలా పేర్చిన ఇటుకలున్నాయి. అవి ఎందుకొచ్చాయో చెప్పాలి. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం పదిరోజుల కోడిపిల్ల ఒకటి అంచెక్కి లోపల పడింది. తల్లి గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తుతూ అరుస్తున్నా, ఎప్పుడూ చేసే గోలేననుకుని నేను వెంటనే లేవలేదు. వెళ్ళేసరికి పిల్ల నీళ్ళ మీద తేలుతోంది. ఆ సాయంత్రమే ఇటుకలు పేర్చాం. లోతు అవసరమైన బాతులు లోతులోకి పోతాయి, పొరపాటున పడ్డ పిల్ల ఇటుక మెట్టు పట్టుకుని బయటికి వస్తుంది. ఏ తొట్టికైనా ఇది తప్పనిసరి.

బాతుపిల్లల మేత విషయంలోనూ ఒక తప్పు చేశాం. దాణా దుకాణంలో కోడిపిల్లల మేతనే రెండింటికీ పెట్టమన్నారు. మూడో వారానికల్లా ఒక బాతుపిల్ల కాళ్ళు దొడ్డికాళ్ళయ్యాయి, నాలుగడుగులు వేసి కూలబడేది. పశువైద్యురాలికి చూపిస్తే నియాసిన్ అనే బి విటమిన్ చాలడం లేదన్నారు. కోడిపిల్లల కంటే బాతుపిల్లలకు అది ఎక్కువ కావాలి. మేతలో ఈస్టు పొడి కలపడం మొదలుపెట్టాక కాళ్ళు నిలబడ్డాయి. గుడ్లు పెట్టే కోళ్ళ దాణా కూడా పిల్లలకు పెట్టకూడదు. పెంకు గట్టిపడటం కోసం అందులో సున్నం ఎక్కువగా ఉంటుంది, పెరిగే పిల్లల మూత్రపిండాలు దానికి తట్టుకోలేవు. మేము పెట్టలకు ఆల్చిప్పల పొడి వేరే చిప్పలో పెడతాం. కావలసింది కావలసినంత తింటుంది. పెద్దయ్యాక బాతుల మేతకు ఇంత జాగ్రత్త అక్కర్లేదు. గడ్డే వాటి ముఖ్య ఆహారం. వానాకాలంలో దాణా ముట్టకుండా రోజంతా గడ్డి కొరుకుతూ తిరుగుతాయి.

కోళ్ళ సంగతికొస్తే, మా మందలో సగం నాటువి, సగం వనరాజా, గ్రామప్రియ. ఈ రెండు రకాలూ మన రాజేంద్రనగర్‌లోనే, భారత వ్యవసాయ పరిశోధన మండలి కింద 1988లో మొదలైన కోళ్ళ పరిశోధన సంస్థలో, పెరటి పెంపకం కోసమే రూపొందాయి. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే, పెరట్లో తిరిగే వనరాజా 100 పైచిలుకు పెడుతుంది. గ్రామప్రియ ఇంకా ఎక్కువ. హైదరాబాద్ నేల మీద కోడికి పెద్ద చరిత్రే ఉంది. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించిందీ, దేశంలో గుడ్ల పరిశ్రమకు ఓ రూపం వచ్చిందీ ఆ తరంలోనే. పాతబస్తీలో చార్మినార్ దగ్గరి మహబూబ్ చౌక్‌ని ఊరంతా ముర్గీ చౌక్ అనే పిలుస్తుంది. గుడ్ల లెక్కలో వనరాజాకు సాటిరాకపోయినా నేను నాటు పెట్టల్ని వదులుకోను. ఎందుకంటే అవి పొదుగుతాయి. ఎక్కువ గుడ్ల కోసం తయారైన కోళ్ళలో పొదిగే గుణం తగ్గిపోతుంది.

పెద్దబాతు గుడ్లను పొదిగింది కూడా ఒక నాటు పెట్టే. కోడిగుడ్డు 50 గ్రాములుంటే పెద్దబాతు గుడ్డు 140 గ్రాముల పైన. పెట్ట తన గుడ్లయితే పది పన్నెండు కమ్ముకుంటుంది, ఇవి నాలుగే పట్టాయి. ఆ బరువు గుడ్లను అది సరిగా దొర్లించలేదు. పెన్సిలుతో ఒకవైపు గుర్తు పెట్టి, అది మేతకు లేచినప్పుడల్లా మేమే తిప్పాం. చివరి వారంలో గోరువెచ్చని నీళ్ళు చిలకరించాం. కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు, పెద్దబాతుకు దాదాపు 30. ఇరవై రెండో రోజు నుంచి నాకు దిగులే. పెట్ట లేచిపోతే? అది లేవలేదు. బక్కచిక్కిపోయి, జుట్టు పాలిపోయి, గంపలో అలాగే కూర్చుంది. ముప్పయ్యో రోజు పొద్దున మూడు పిల్లలు బయటపడ్డాయి.

గుడ్డు చిట్లగానే కదిలేది ఏది కనిపిస్తే దాన్నే తల్లి అనుకోవడం బాతుపిల్లల స్వభావం. దీన్ని పరిశీలించినవారిలో ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ ముఖ్యుడు, ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. మా పెట్ట వాటిని మిట్టకు తీసుకుపోయి, మట్టి కెలికి పురుగు చూపించి పిలిచేది. అవి వచ్చి పురుగును కాక పక్కనున్న గడ్డిని కొరికేవి. పల్లం వైపు నీళ్ళ చప్పుడైతే మూడూ మెడలు చాచేవి. కోడి కింద పుట్టిన బాతుపిల్లల్ని తొందరపడి నీళ్ళలోకి వదలకూడదు. తల్లిబాతు ఈకల నూనె వాటికి అంటదు, ఒళ్ళు తడిసి చలికి ముడుచుకుపోతాయి. నెల దాటాక వదిలాం. పెట్ట గట్టు మీద నిలబడి చాలాసేపు పిలిచింది.

టీకాల మాట కూడా చెప్పాలి. కోళ్ళను ఊడ్చిపెట్టేది కొక్కెర తెగులు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ పేరుతో పిలిచే ఈ జబ్బును మన దేశంలో రాణిఖేత్‌లో గుర్తించడంతో ఆ పేరు నిలిచింది. ఏడో రోజున పిల్ల కంట్లో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద ఆర్2బి సూది. ఇబ్బందల్లా ఎక్కడంటే, టీకా మందు వందల డోసుల సీసాల్లో వస్తుంది, కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి. పన్నెండు కోళ్ళకు ఒక సీసా కొంటే మిగిలిందంతా పారబోయాలి. అందుకే మా చుట్టుపక్కల కోళ్ళున్న ఆరు ఇళ్ళవాళ్ళం ఒక ఆదివారం కుదుర్చుకుని, ఐసు పెట్టెలో సీసా తెప్పించి, ఇల్లిల్లూ తిరుగుతాం. బర్డ్ ఫ్లూ రోజుల్లో మరో జాగ్రత్త పడాలి. బాతులకు పైకి జబ్బు కనిపించకుండానే వైరస్ ఉండవచ్చు, పక్కనున్న కోళ్ళు మాత్రం కుప్పకూలుతాయి. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి వైపు కోళ్ళకు ఆ వ్యాధి నిర్ధారణ అయినప్పుడు, మేము బయటి పక్షులు దిగకుండా హౌజు మీద వల కప్పి, కొత్త పక్షుల్ని తేవడం మానేశాం. కోళ్ళూ బాతుల్ని కలిపి పెంచాలనుకునేవారు ఈ ఒక్క కారణానికి వెనక్కి తగ్గితే నేను తప్పుపట్టను.

కాపలా విషయంలో మాత్రం పెద్దబాతులకు సాటి లేదు. క్రీస్తుపూర్వం 390లో గాల్ సైనికులు రాత్రిపూట రోమ్ కొండ ఎక్కుతుంటే బాతుల అరుపులే కావలివాళ్ళను లేపాయని పాత చరిత్రకారులు రాశారు. స్కాట్లండ్‌లో బాలంటైన్స్ విస్కీ గిడ్డంగులకు 1959 నుంచి 2012 వరకు బాతులే కాపలా. మా పెరటికి వచ్చేవి ముంగిస, పిల్లి, గద్ద. బాతులు వచ్చాక గద్ద పిల్లను తన్నుకుపోవడం తగ్గింది. మగబాతు ఒక కన్ను ఆకాశం వైపు తిప్పి, గొంతు మార్చి ఒక్క అరుపు అరిస్తే కోళ్ళన్నీ మునగచెట్టు కిందికి దూరతాయి. అది ఏ కోడి భాషా కాదు, అయినా వాటికి తెలుసు. ముంగిసను మాత్రం బాతులు ఆపలేవు, రాత్రికి సన్న జాలీ ఉండాల్సిందే. ఇక మనుషుల సంగతంటారా, సంక్రాంతి దగ్గర పడితే మా పుంజును కోడిపందేలకు అడగడానికి ఒకరిద్దరు వస్తారు. బరికి ఇవ్వం. పిలిస్తే వచ్చి చేతిలో గింజ తినే పక్షి కాలికి కత్తి కట్టించే మాటే మా ఇంట్లో లేదు.

మీరు ఉన్నచోట మొదలుపెట్టాలంటే ముందు మీ పురపాలక నిబంధనలు చూడండి. అమెరికాలో చాలా పట్టణాలు పెట్టల్ని ఒప్పుకుంటాయి, పుంజుల్ని ఒప్పుకోవు. పెద్దబాతుల అరుపు చాలా దూరం పోతుందని పక్కవాళ్ళకు ముందే చెప్పండి. మంచు కురిసే చోట పెద్దబాతుకు ఇబ్బంది లేదు, పుంజు జుట్టు మాత్రం తడి చలికి కొసలు మాడిపోతుంది. అక్కడా గూడు పొడిగా ఉండాలి, తొట్టి గడ్డకట్టకుండా ఉండాలి. పెద్దబాతు ఇరవై ఏళ్ళు బతకగలదు. పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయాక దాన్ని ఎవరు చూస్తారో కొనేముందే అనుకోవాలి.

పొద్దుగూకే వేళకు కోళ్ళు ఎవరూ పిలవకుండానే గూట్లోకి పోయి కర్ర మీద వరసగా ఎక్కుతాయి. చేత్తో తడుముతూ లెక్కపెడతాను. పన్నెండు. పెద్దబాతులు వాటంతట అవి లోపలికి రావు. పల్లంలో అరటి పక్కన నిలబడి ఉంటాయి. రెండు చేతులూ చాపి నెమ్మదిగా వెనక నడిస్తే వరసకట్టి వాటి అర వైపు కదులుతాయి, ముందు మగబాతు, చివర మా పెట్ట పొదిగిన ఆడబాతు. అర నేల మీదే, కింద వరిపొట్టు. ఆ ఆడబాతు కోళ్ళ గూడు ముందు ఒక్క నిమిషం ఆగుతుంది. లోపల కర్ర మీద నుంచి ముసలి పెట్ట చిన్నగా గొణుగుతుంది. గడియ పెట్టి, తొట్టి బిరడా తీసి, నీళ్ళు అరటి పాదులోకి దిగేదాకా అక్కడే నిలబడతాను.