మనకు అరగనిదే వాటికి విందు

జామకాయలోని పీచు మనకు అరగదు. దాని గొప్పతనమూ అదే. చిన్నపేగు దాటి పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టుకుని తింటుంది. ఇలా మనలోని మేలుచేసే సూక్ష్మజీవులను పోషించే పదార్థాలకు ‘ప్రీబయోటిక్స్’ అని 1995లో గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రాబర్‌ఫ్రాయిడ్ పేరు పెట్టారు. జామలో పీచు ఎంతంటారా? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం, 100 గ్రాముల తెల్లజామలో 8 గ్రాములు దాటే ఉంది.

పండ్ల పీచులో అసలు మొనగాడు పెక్టిన్. 1825లో ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ బ్రాకొనో దీన్ని గుర్తించి వర్ణించాడు. జామ్ గట్టిపడేది దీనివల్లే. కాయ మగ్గేకొద్దీ పెక్టిన్ విరిగిపోతుంది కాబట్టి, జెల్లీ చేసేవాళ్లు బాగా పండినవాటికంటే దోరకాయలనే ఏరుకుంటారు.

పెక్టిన్‌లో ఒక భాగం మరీ చిక్కుముడి: 13 రకాల చక్కెరలు, వాటి మధ్య 21 రకాల బంధాలు. మన పేగుల్లో ఉండే ‘బాక్టీరాయిడీస్ థెటాయోటామైక్రాన్’ అనే బ్యాక్టీరియా (పేరు పలకడమే ఒక పరీక్ష!) అందులో ఒక్కటి తప్ప అన్ని బంధాలనూ తెంపగలదని 2017లో తేలింది. ఆ ముడి విప్పే ఎంజైములను మన ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేదు.

ఈ విందుకు అద్దె కూడా ముడుతుంది. బ్యాక్టీరియా పీచును తిని బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలను వదులుతుంది. పెద్దపేగు లోపలి గోడ కణాలకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం బ్యూటిరేట్ నుంచే వస్తుంది.

పచ్చి అరటికాయలో నీరు తీసేస్తే మిగిలేదానిలో 70-80 శాతం పిండిపదార్థమే. అందులో చాలా భాగం పీచులాగే అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. బాగా మగ్గిన పండులో అది ఒక శాతం కూడా మిగలదు, అంతా తీపిగా మారిపోతుంది. పచ్చికాయను వేపుడు చేస్తే? ఉడికిన పిండి చాలావరకు మనకే అరిగిపోతుంది.

బత్తాయిలో పెక్టిన్ ఎక్కువగా ఉండేది తొక్క కింది తెల్లటి పొరలో. జ్యూస్ బండి దగ్గర ముందు తీసిపారేసేది దాన్నే. మిగిలిన కాస్త పీచూ వడపోతలో పోతుంది.

పీచంతా ప్రీబయోటిక్ కాదు. సెల్యులోజ్‌లో ఎక్కువ భాగం వచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది.

అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా పీచు పెంచితే కడుపు ఉబ్బుతుంది. ఆ గాలి పులియబెట్టే పనిలో పుట్టిన హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్. కొందరిలో మీథేన్ కూడా ఉంటుంది, కానీ దాన్ని చేసేవి బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే కోవ సూక్ష్మజీవులు.