ఆవిరి ఇంజనుకు కొత్త రంగు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మా ఫిజిక్సు లేబొరేటరీ వరండాలో, పాత బీరువా పక్కన, ఒక ఆవిరి ఇంజను నమూనా ఉండేది. టెండరుతో కలిపి ఆరున్నర అడుగుల పొడవు. ఒకప్పుడు మన వర్క్‌షాపులో పనిచేసిన మెకానిక్ ఒకాయన చేశాడని చెప్పుకోవడమే గాని, ఆయన పేరు చెప్పగలిగిన వారు లేరు. ఎప్పుడు తనిఖీ వచ్చినా ఎవరో ఒకరు దాని మీద వెండిరంగు పూసి చేతులు దులుపుకున్నారు. చివరికది ఇంజనులా కాక మైనపు ముద్దలా తయారైంది. ఈ ఏడు పనికిరాని సామాను జాబితాలోకి కూడా ఎక్కింది.

"ఏమయ్యా, వార్షికోత్సవం లోపల దీనికి రూపం తెస్తావా, లేక పాత ఇనుములోకి రాసేయమంటావా?" అన్నారు మా లెక్చరరు గారు. తెస్తానండీ అన్నాను. పని ఎంతో తెలియక అన్న మాట అది. తెలిసినదేమిటో మిత్రులకు చెప్పాలనే ఈ వ్యాసం.

ముందుగా ఇది ఏ ఇంజను? ముక్కు తుపాకీ గుండులా ఉంది. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్య ఆరు పెద్ద చక్రాలు, వెనుక మరి రెండు. అంటే బ్రాడ్‌గేజి ప్రయాణీకుల బండ్లను లాగిన డబ్ల్యూ.పి. తరగతి. వీటిలో మొదటివి 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. మన బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండ్ల రోజువారీ రాకపోకలు 1995తో ముగిశాయి. మా ఊరికి దగ్గరలోని బిట్రగుంటలో ఒకప్పుడు పెద్ద ఆవిరి షెడ్డు ఉండేది. బండి కూత విని మా తాత కపిల ఎద్దులను విప్పేవాడట.

మా నమూనా కొలత అడుగుకు ఒక అంగుళం, అంటే పన్నెండో వంతు. అసలు పట్టాల మధ్య దూరం 5 అడుగుల 6 అంగుళాలు. దీని చక్రాల మధ్య అయిదున్నర అంగుళాలు. అన్నీ ఇలా లెక్క ప్రకారం తగ్గుతాయి. తగ్గనిది ఒక్కటే: రంగు పూత మందం. కుంచెతో వేసిన పూత ఆరాక సుమారు 40 మైక్రాన్లు అనుకుందాం. నాలుగు పూతలకు 160 మైక్రాన్లు. దాన్ని పన్నెండు చేత గుణిస్తే అసలు ఇంజను మీద దాదాపు 2 మిల్లీమీటర్ల దళసరి తొడుగు వేసినట్టు! రంగు పైగా రివెట్ల చుట్టూ, మూలల్లో చేరి నిలుస్తుంది. మా ఇంజను ముద్దగా ఎందుకైందో ఈ లెక్కతో బోధపడింది. కనుక ఇందులో రంగు వేయడం కన్నా రంగు తీయడమే పెద్ద పని.

తీసే ముందు ప్రతి వైపు నుంచీ ఫోటోలు తీసి, విప్పిన ప్రతి మరకు చీటీ కట్టాను. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.యం. మించరాదన్న నిబంధన మన దేశంలో 2017లోనే అమలులోకి వచ్చింది. అందుచేత పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకూడదు. నీళ్లు తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దాలి. ఇనుప, ఇత్తడి భాగాలను కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెట్టాం, చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని. నూనె ఆధారమైన రంగును క్షారం సబ్బుగా మార్చేస్తుంది. మనం పుస్తకంలో చదివే సపోనిఫికేషన్ ఇదే. అల్యూమినియం భాగాలను మాత్రం అందులో వేయరాదు. క్షారం లోహాన్నే తినేసి హైడ్రోజన్ వాయువు విడుదలవుతుంది.

తర్వాత నేను చేసిన తప్పు. తొందరపడి టెండరుకు సింథటిక్ ఎనామిల్ వేశాను. మర్నాడు ముట్టుకుంటే ఆరినట్టే ఉంది. దాని మీద మోటారు కార్లకు వాడే లాకరు చల్లాను. పది నిమిషాల్లో పాల మీద మీగడలా ముడతలు పడింది! ఎనామిల్‌లోని ద్రావకం త్వరగా ఎగిరిపోయినా, లోపలి పొర గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటానికి చాలా రోజులు పడుతుంది. ఈ లోపు లాకరులోని ఘాటైన తిన్నరు తగిలితే అది ఉబ్బి లేస్తుంది. ఆదివారం ఇంటికి వెళ్లి చెబితే మా నాయన నవ్వి, "దుక్కి ఆరకుండానే గొర్రు కట్టావురా అబ్బాయ్" అన్నాడు. మళ్లీ మొదటికొచ్చాను.

రెండోసారి నూనె జిడ్డు లేకుండా కడిగి, ముందు ఎచ్ ప్రైమర్ పల్చగా పట్టించాను. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం లోహపు నునుపును కొంచెం తిని, రంగుకు పట్టు ఇస్తుంది. దాని మీద పల్చని పూతలు, పూతకూ పూతకూ మధ్య కావలసినంత వ్యవధి. అంచు గీతలకు డ్రాయింగు క్లాసులోని రూలింగ్ పెన్ వాడాను. ముందు వంపులు గీసి, తర్వాత సరళరేఖలు కలపాలి. తిరగేస్తే అతుకు కుదరదు. మెరుపు కూడా తగ్గించాను. అద్దంలా మెరిస్తే చిన్న వస్తువు బొమ్మలాగే కనిపిస్తుంది.

విరిగిన నూనె గొట్టాలకు కాలిపోయిన మా బోరు మోటారు వైండింగులోని రాగి తీగ సరిపోయింది. ఇత్తడి నంబరు పలకను మా అమ్మ బిందెలు తోమినట్టు చింతపండుతో తోమాను. పని చేసిన ఇంజను కొత్త పెళ్లికూతురులా ఉండదు కదా! అందుకని సేఫ్టీ వాల్వుల కింద నీటి సున్నం తెల్లచారలు, చక్రాల కడ్డీల దగ్గర నూనె నలుపు కొద్దిగా అద్దాను.

అసలు సంగతి చివరికి ఉంచాను. వెండిరంగు పొరలు పోయాక ముక్కు మీద నక్షత్రం బయటపడింది. ఎవరో చేత్తో కొలిచి, ఓపికగా వేసినది. ఒక్క కోణం కూడా తప్పలేదు. టెండరు లోపలి గోడ మీద మేకుతో గీసిన రెండు పొడి అక్షరాలు, 1974 అన్న అంకె కనిపించాయి. నక్షత్రం మీద కొత్త రంగు వేద్దామా అని నేనూ, లెక్చరరు గారూ చాలాసేపు ఆలోచించాం. ఒకటి రెండు చోట్ల వెలిసింది కూడా. కాని దాన్ని కప్పితే నేనూ ఆ వెండిరంగు డబ్బా వాళ్లలో ఒకణ్ణే అవుతాను. అందుకని ఆ నక్షత్రాన్ని, ఆ అక్షరాలను అలాగే ఉంచి, పైన రంగులేని వార్నిషు మాత్రం పూశాం.

ఇంజను ఇప్పుడు వరండాలో గాజు పెట్టెలో ఉంది. జాబితా నుంచి దాని పేరు కొట్టేశారు. పెట్టె కింది పలక మీద చేసినవారి పేరు రాయడానికి ఒక వరస ఖాళీ ఉంచాం. 1974 ప్రాంతాల ఇక్కడ చదివిన పూర్వ విద్యార్థులలో ఎవరికైనా ఆ మెకానిక్ గారి పేరు జ్ఞాపకం ఉంటే, దయచేసి యూనియన్ ఆఫీసుకు ఒక కార్డు ముక్క రాయగలరు. ఆ ఒక్క పూత ఇంకా మిగిలి ఉంది.