సైంటిస్టు అవుదామా, సైన్సు చేద్దామా?

చిల్కానగర్‌లో మేము సాయంత్రం పూట పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పుతూ ఉంటాము. రెండేండ్ల క్రితం పదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి పాఠం అయిన తరువాత కూడా తలుపు దగ్గర నిలబడిపోయింది. తండ్రి నాచారంలో ఒక కార్ఖానాలో పనిచేస్తాడు. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న విషయమై ఇంట్లో మాటలు నడుస్తున్నాయట. లెక్కలలో ఆమెకు ఎప్పుడూ మంచి మార్కులే. "ఎం.పి.సి. తీసుకో అమ్మా" అన్నాము.

"అది బాగా తెలివి ఉన్నోళ్లకు, మౌల్వీ సాబ్. నాకు కష్టపడితే మార్కులొస్తాయి, అంతే" అన్నది.

దానిని మేము వినయం అనుకున్నాము, మెచ్చుకున్నాము కూడా. ఆమె సి.ఇ.సి.లో చేరింది. ఆ మెచ్చుకోలు మా పొరపాటని తరువాతనే తెలిసివచ్చింది.

పిల్లల మనసు ఎదిగే తీరును పరిశోధించే లిన్ బియాన్, సారా-జేన్ లెస్లీ, ఆంద్రే సింపియాన్‌లు 2017లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. అయిదు, ఆరు, ఏడేండ్ల పిల్లలకు చాలా చాలా తెలివైన ఒక వ్యక్తి కథ చెప్పారు. ఆ వ్యక్తి స్త్రీయో పురుషుడో చెప్పలేదు. తరువాత కొందరి చిత్రాలు చూపి, కథలోని మనిషి వీరిలో ఎవరని అడిగారు. అయిదేండ్ల ఆడపిల్లలు మగపిల్లల లాగానే తమ వర్గం వారినే చూపించారు. ఆరేండ్లు వచ్చేసరికి ఆడపిల్లల వేలు స్త్రీ వైపు వెళ్లడం తగ్గింది. విచిత్రమేమిటంటే, బడిలో మంచి మార్కులు ఎవరికి వస్తాయని అడిగితే ఆ ఆడపిల్లలు తమ తోటి ఆడపిల్లలనే చూపించారు. అంటే మార్కులు మావే గాని, తెలివి మాది కాదని! మా తలుపు దగ్గర నిలబడిన అమ్మాయి చెప్పినది అక్షరాలా ఇదే. అంతటితో ఆగలేదు. తెలివైన పిల్లల కోసం అని చెప్పిన ఆట మీద ఆడపిల్లలకు ఆసక్తి తగ్గింది. బాగా కష్టపడే పిల్లల కోసం అని చెప్పిన ఆట మీద తగ్గలేదు.

అమెరికా పిల్లల సంగతి మనకెందుకని కొందరు పెద్దలు అడగవచ్చు. మన తెలుగు నేల మీదనే 2002 నుండి 'యంగ్ లైవ్స్' అనే దీర్ఘకాలిక అధ్యయనం దాదాపు 3,000 మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తూ వచ్చింది. ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపడంలో తల్లిదండ్రులు ఆడపిల్లల కంటే మగపిల్లలకే ఎక్కువగా మొగ్గు చూపారని అందులో తేలింది. నోటితో ఎవరూ నీకు తెలివి లేదని చెప్పరు. కాని అన్న ఒక బడికి, చెల్లెలు మరొక బడికి వెళ్తుంటే, ఆ పిల్లకు ఏమి అర్థమవుతుంది? దూరపు కాలేజీ, బస్సు ప్రయాణం, చీకటి పడ్డాక ఇంటికి రావడం, ఇవి నిజమైన చింతలే; ఆడపిల్లల తండ్రులముగా వాటిని మేము తేలిక చేయము. అయితే ఆ అమ్మాయి చెప్పిన కారణం వీటిలో ఒక్కటీ కాదు.

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మార్జొరీ రోడ్స్ అనే శిశు మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. ఆమె బృందం 2019లో వెల్లడించిన విషయం ఉపాధ్యాయులమైన మాకు మరింత పనికివచ్చింది. నాలుగు నుండి తొమ్మిదేండ్ల వరకు గల సుమారు 500 మంది పిల్లలలో కొందరితో "ఈ రోజు మనం సైంటిస్టులమవుదాం" అన్నారు. మరికొందరితో "ఈ రోజు మనం సైన్సు చేద్దాం" అన్నారు. రెండవ మాట విన్న ఆడపిల్లలు ఆ తరువాతి ఆటలో ఎక్కువసేపు నిలిచారు. బడికి ముందు తరగతుల టీచర్లకు ఈ చిన్న మార్పు నేర్పి చూసినప్పుడు కూడా, పిల్లలు పట్టు వదలకుండా సాగారని 2020లో ప్రకటించారు. సైంటిస్టు అన్నది ఒక బిరుదు. ఆ బిరుదుకు తాను తగనని అనుమానం వచ్చిన పిల్ల వెనుకకు తగ్గుతుంది. పని అయితే ఎవరైనా మొదలుపెట్టవచ్చు. దీనిని చదివినప్పుడు మాకు మొదటి వహీ గుర్తుకు వచ్చింది. అందులోని తొలి ఆజ్ఞ చదవమని. పండితుడవు కమ్మని కాదు.

అప్పటి నుండి మేము అమ్మాయిలతో "నువ్వు పెద్ద సైంటిస్టువి కావాలి" అనడం మానివేశాము. వారి చేతికి ఒక కర్రను, ఒక టేపును ఇచ్చాము. మిట్టమధ్యాహ్నం కర్ర నీడ అతి చిన్నగా ఉన్నప్పుడు కొలుస్తారు. ఆ కొలతకు కర్ర పొడవును రెండింతలు చేసి కలుపుతారు. నీడ అంత అయినప్పుడు హనఫీ లెక్క ప్రకారం అస్ర్ వేళ మొదలవుతుంది. మదరసాలో మేము పుస్తకంలో వల్లించిన ఈ లెక్కను ఎండలో నిలబడి కొలిచినది మాత్రం ఈ అమ్మాయిలతోనే అని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాము.

పదవ శతాబ్దంలో హలబ్ నగరంలో సైఫుద్దౌలా కొలువుకు చెందిన ఒక స్త్రీ, నక్షత్రాల ఎత్తును, సమయాన్ని కొలిచే ఉస్తుర్లాబ్ అనే పరికరాలు చేసేవారు. ఈనాడు ఆమెను మరియం అని పిలుస్తున్నారు గాని, ఇబ్ను నదీమ్ తన 'ఫిహ్రిస్త్' గ్రంథంలో ఆమెను ఇజ్లియ్యా అని మాత్రమే పేర్కొన్నాడు. అదీ ఆ పరికరాలు చేసేవారి జాబితాలోనే. ఆమె చేసిన పనిని బట్టే ఆ చోటు దక్కింది.

అంత దూరం పోనవసరం కూడా లేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే స్టేడియం దాటగానే వచ్చే స్టేషను పేరే ఎన్.జి.ఆర్.ఐ. ఆ పక్కనే హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉన్నది. అక్కడి మంజులా రెడ్డి గారు బాక్టీరియా కణాల గోడ ఎలా ఏర్పడుతుందో పరిశోధించి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి పొందారు. మన పిల్లలు ఆ గోడల పక్క నుండే బస్సులో పోతుంటారు. లోపల ఏమి జరుగుతుందో ఇంట్లో ఎవరూ చెప్పరు. సెప్టెంబరు 26న జరిగే సి.ఎస్.ఐ.ఆర్. వ్యవస్థాపక దినం సందర్భంగా ఇటువంటి సంస్థలు విద్యార్థులను లోపలికి రానిస్తాయి. తల్లులు, కూతుళ్లు కలిసి వెళ్లి చూసి రావచ్చు.

ఆ అమ్మాయి చెల్లెలు ఇప్పుడు తొమ్మిదవ తరగతి. గత శుక్రవారం ఆమె కొలిచిన అస్ర్ వేళకు, మసీదు పట్టికకు నాలుగు నిమిషాల తేడా వచ్చింది. "కర్ర వంగి ఉన్నదేమో, మౌల్వీ సాబ్, లేకుంటే నేల ఎత్తుపల్లాలుగా ఉన్నదేమో" అన్నది. శనివారం మా ఇంటి మేడ మీద మళ్లీ కొలుస్తానని తండ్రి దగ్గర అనుమతి తీసుకున్నది. కర్ర పట్టుకోవడానికి అక్క కూడా వస్తుందట.